ఉన్న మనిషిని లేదన్న ఊరు

2001 ఫిబ్రవరి 12, సోమవారం, ఉదయం పదిన్నర. ప్రొద్దుటూరులో ఆ టైముకు రోజూ కరెంటు తీసేవాళ్ళు. ఫ్యాను ఆగింది కదా అని గడియారం వైపు చూశాను. చూపు దించేసరికి గుమ్మంలో ఒక తెల్లామె నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, నూలు చీర, భుజానికి గుడ్డసంచి. చెప్పులు బయట విడిచి, "అక్కా, పన్నుల లెక్కలు రాసేది మీరేనా?" అంది. నేను ఇంగ్లీషులో జవాబు కూడదీసుకుంటుంటే నవ్వింది.

"తెలుగులోనే మాట్లాడండక్కా. నాకు ఇంగ్లీషు కన్నా ముందు వచ్చింది అదే."

నేను 1971లో ప్రొద్దుటూరులో ఒక ఆడిటర్ దగ్గర టైపిస్టుగా చేరాను. పదకొండేళ్ళ తర్వాత ఇన్‌కంటాక్స్ ప్రాక్టీషనర్‌గా సొంత బోర్డు పెట్టుకున్నాను. ప్రాక్టీషనర్ అంటే ఆడిటర్ కాదు. ఇతరుల తరఫున రిటర్నులు వేసి, ఆఫీసరు ముందు హాజరయ్యే అనుమతి ఉన్న మనిషి. బంగారు అంగళ్ళు, పత్తి మిల్లులు, పులివెందుల వైపు చీనీకాయల, అంటే బత్తాయిల, వ్యాపారులు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఫ్యాక్షన్ రోజులు. కొందరు సంతకం పెట్టడానికి వచ్చినా ముందొక జీపు, వెనకొక జీపు ఉండేవి. వాళ్ళు కూర్చోగానే ముందు వీధివైపు కిటికీ మూసి, ఆ తర్వాత ఫైలు తెరిచేదాన్ని. అన్ని సంవత్సరాల్లో నేను చూసిన విదేశీ కేసు ఇదొక్కటే.

ఆమె పేరు హెలెన్. తండ్రి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో డాక్టరు. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు తల్లిదండ్రులతో ఇక్కడికి వచ్చింది. మూడో ఏట తల్లి జ్వరంతో పోయింది. ఆ పిల్లను పెంచింది ఆసుపత్రి ఆయా రూతమ్మ. పదకొండేళ్ళు నిండాక తండ్రి ఆమెను ఇంగ్లండుకు తీసుకుపోయాడు. రూతమ్మకు పిల్లలు లేరు. రిటైరయ్యాక మైలవరం దగ్గర తన పుట్టిన పల్లెకు చేరుకుంది. ఆ పల్లె పేరు రాయను, మనుషులు ఇంకా ఉన్నారు. 2000 మార్చిలో రూతమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, ఇంక మంచం దిగలేదు. కబురు అందిన హెలెన్ అన్నీ సర్దుకుని జూన్ 9న మద్రాసులో దిగింది. ఒక సంవత్సరం ఎంట్రీ వీసా. అంటే పర్యాటకానికి కాదు, ఉద్యోగానికీ కాదు, ఇక్కడ తనవాళ్ళ దగ్గర ఉండడానికి ఇచ్చేది.

"మరి నీకు తిండి ఎట్ల జరుగుతాంది?" అని అడిగాను.

సంచిలోంచి నాలుగు ఫ్లాపీలు తీసి బల్ల మీద పెట్టింది. లండన్‌లో డాక్టర్ల పుస్తకాలు వేసే కంపెనీ ఒకటి ఆమెకు పని పంపుతుంది. అచ్చుకు ముందు తప్పులు దిద్దడం, చివర అకారాది పట్టిక తయారుచేయడం. పల్లెలో కరెంటు ఉన్నప్పుడు కంప్యూటరు ముందు కూర్చుంటుంది. వారానికి రెండుసార్లు బస్సులో ప్రొద్దుటూరు వచ్చి, ఇంటర్నెట్ సెంటర్లో గంటకు నలభై రూపాయలిచ్చి, లైను దొరికితే పంపుతుంది. ఇప్పుడు ఇంట్లో కూర్చొని పరదేశం పని చేయడం మామూలైంది. ఆ రోజుల్లో దానికి పేరు కూడా లేదు.

"దుడ్లు లండన్ బ్యాంకులో పడతాయక్కా. ఈడ ఒక్క రూపాయి కూడా సంపాదించను. నేను ఈడ పన్ను కట్టాల్నా?"

"దుడ్లు యాడ పడినాయని కాదు అడిగేది. నువ్వు యాడ కూర్చొని పని చేసినావని."

"అమ్మ మంచం పక్కన."

"అయితే ఆ సంపాదన కూడా మంచం పక్కనే పుట్టినట్టు లెక్క."

ఆమె పగలబడి నవ్వింది. "అమ్మకు చెప్తా. నువ్వు పండుకున్న తావున గవర్నమెంటుకు ఆదాయం పుడతాందని."

విషయం ఇది. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఈ దేశంలో ఉన్న మనిషి, ఏ దేశస్థుడైనా సరే, పన్ను చట్టానికి రెసిడెంట్. ఆమెకు మార్చి 31కి 296 రోజులవుతాయి. ఇక్కడ కూర్చొని చేసిన పనికి వచ్చిన ఆదాయం ఇక్కడిదే. అక్కడ కూడా పన్ను పట్టుకుంటే, రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఒకచోట కట్టింది ఇంకోచోట తగ్గించుకోవచ్చు. ఇంతవరకు నాకు చిక్కు లేదు.

చిక్కు వీసాతో వచ్చింది. దాని మీద ఉద్యోగం చేయరాదని ముద్ర ఉంది. ఇక్కడి యజమాని దగ్గర జీతానికి చేరరాదని దాని అర్థమా, లేక ఎక్కడి పనైనా ఇక్కడ కూర్చొని చేయరాదనా? ఆ ముద్ర చేయించినవాళ్ళు ఈ ప్రశ్న ఊహించలేదు. జూన్‌లో వీసా పొడిగించుకోవాలంటే ఇక్కడ ఎలా బతుకుతున్నదో ఆదాయం చూపాలి. చూపితే పని చేస్తున్నట్టు ఒప్పుకోవాలి. చూపకపోతే పన్ను ఎగ్గొట్టినట్టు. పైగా అప్పట్లో ఇక్కడ నాలుగు నెలలు దాటి ఉన్న విదేశీయుడు దేశం వదలాలంటే టాక్స్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. బాకీ లేదని ఆదాయపు పన్ను ఆఫీసు ఇచ్చే కాగితం అది.

నేను జిల్లా కేంద్రంలో పోలీసు ఆఫీసులోని విదేశీయుల సెక్షన్‌కు పోయి అడిగాను. అక్కడి అధికారి మర్యాదస్థుడే. కుర్చీ వేయించాడు.

"రూల్లో ఇట్లాంటిది లేదు మేడమ్."

"లేదంటే చేయొచ్చనా సార్, చేయకూడదనా?"

"లేదంటే లేదని."

తిరిగొచ్చి రెండు దారులూ హెలెన్ ముందు పెట్టాను. "దాచిపెడితే దినామూ భయపడాల. చెప్పేస్తే ఒక్కసారే భయం. రాసేయండక్కా" అంది. ఏప్రిల్‌లో రిటర్ను వేశాం. ఆడవాళ్ళకిచ్చే అయిదు వేల రాయితీ పోను పన్ను పన్నెండు వేల లోపే తేలింది. ఏప్రిల్ 23న ఆ రసీదు జతచేసి వీసా పొడిగింపుకు దరఖాస్తు ఇచ్చింది.

ఆ మధ్యలో రెండుసార్లు ఆ పల్లెకు పోయాను. రూతమ్మ ఎముకల గూడు. మాట మాత్రం కరుకు. "ఏం మేడమ్, మా పిల్ల ఇంగ్లీషు దేశంలో ఇంత చదివి ఈడికొచ్చి నా గుడ్డలు ఉతుకుతాంది, దానికి కూడా పన్నేనా?" అంది. హెలెన్ ఆమెను అటు తిప్పి ఇటు తిప్పి వీపుకు పౌడరు అద్దుతోంది. మంచంలో పడి ఏడాదైనా ఒంటి మీద ఒక్క పుండు లేదు. ఆ పని నేను మా అత్తగారికి చేశాను, ఎంత కష్టమో తెలుసు. వంటా, నీళ్ళూ చూసేది రూతమ్మ తమ్ముడి కోడలు సంతోషమ్మ. నలభై ఏళ్ళ మనిషి. బయటివాళ్ళతో ఎక్కువ మాట్లాడదు.

ఆ ఊరిది ఒక అలవాటు, మొదటిసారి పోయినప్పుడే చూశాను. ఊరి మొదట్లో బస్సు దిగి రూతమ్మ ఇల్లెక్కడని అడిగితే, పత్తి కట్టెలు మోసుకుపోతున్న ఆయన "ఆ పేరు గలోళ్ళు ఈడ లేరు" అన్నాడు. రచ్చబండ మీద పిల్లలు "మాకు తెల్దు" అన్నారు. తెలియని మనిషి వచ్చి ఎవరి ఇల్లు అడిగినా, ఎవరి పేరు అడిగినా, లేరనే చెప్పాలి. రెండు పార్టీలు బాంబులు వేసుకున్న ఊరు. చిన్నబిడ్డలకు అమ్మా నాయనా అనడం వచ్చాక నేర్పేది ఆ మాటే. సంతోషమ్మ వచ్చి చెయ్యి పట్టుకున్నాకే నన్ను లోపలికి పోనిచ్చారు.

మే 10, గురువారం. జిల్లా కేంద్రం నుంచి విచారణకు ఒక పోలీసాయన వచ్చాడు. మామూలు ప్యాంటూ చొక్కా, మోటారుసైకిలు. హెలెన్ ఆ రోజు ఫ్లాపీలు పట్టుకుని ప్రొద్దుటూరు వచ్చింది. ఊరి మొదట్లో బండి ఆపి, "తెల్లామె ఒకామె ఈ ఊర్లో ఉంటాందంట, యాడ?" అని అడిగాడు. తెల్లామె ఎవరు, తెల్లామెకు ఈడేం పని అన్నారు. ఇంకో నలుగురిని అడిగాడు. ఆ నలుగురిలో ముగ్గురికి పురుడు పోసింది రూతమ్మే. వాళ్ళూ లేదన్నారు. చివరికి ఇంటి నంబరు పట్టుకుని గుమ్మం ముందుకే వచ్చాడు. సంతోషమ్మ తలుపు దగ్గరికి వేసి, అడ్డం నిలబడి, "ఈడ ముసిలామె, నేను. ఇంకెవురూ లేరు సార్" అంది. దండెం మీద ఆరేసిన హెలెన్ చీర తనదని చెప్పింది.

ఆ సాయంత్రం ఈ మాట హెలెన్‌కు చెప్పి, ఆమెను కాపాడామని ఊరంతా సంతోషపడ్డారట. హెలెన్ కూడా ఎవరో అప్పులవాడై ఉంటాడని నవ్వి ఊరుకుంది. నాకెవరూ చెప్పలేదు.

జూన్ 4, సోమవారం నోటీసు వచ్చింది. ఏడు రోజుల్లో దేశం వదిలిపోవాలి. కారణాలు రెండు. ఇచ్చిన చిరునామాలో నివాసం లేదు. వీసా షరతుకు విరుద్ధంగా పని చేస్తోంది.

ఆ మధ్యాహ్నమే జిల్లా కేంద్రానికి పోయాను. అదే అధికారి.

"సార్, లేని మనిషి ఆడ కూర్చొని పని ఎట్ల చేస్తాది? రెండిట్లో ఒకటన్నా తప్పు కావాల గదా?"

ఆయన ఫైలు నా వైపు తిప్పాడు. "మేడమ్, మీరు లెక్కల మనిషి. ఒకటి తప్పయితే ఇంకోటి కొట్టేస్తారు. ఈడ అట్ల గాదు. లేదని మా రిపోర్టు. పని చేస్తాందని మీ రిటర్ను. రెండూ కాగితాలే. రెండూ ఉంటాయి." తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "సర్పంచూ, ఇంకిద్దరూ ఆ ఊరి పోలీసు స్టేషన్‌కు పోయి, ఆమె మా ఊర్లోనే ఉందని సంతకం పెట్టమనండి. మళ్ళీ విచారణకు రాస్తా. బుధవారం లోపల" అన్నాడు.

మంగళవారం పొద్దున్నే పల్లెకు పోయాను. సర్పంచి పేరుకే. మాట చెల్లేది ఊరి పెద్దాయనది, ఒక పార్టీకి ఆయనే పెద్ద. వసారాలో మజ్జిగ ఇప్పించాడు. విషయం అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"రూతమ్మ నాకు బొడ్డు కోసిన తల్లి. ఆ పిల్లంటే మాకు పానం. కానీ మా ఊరోడు స్టేషన్ మెట్లెక్కి సంతకం పెట్టేది ఇంతవరకూ ల్యా మేడమ్. ఈ పొద్దు తెల్లామె కోసం ఎక్కుతాడు. దోవ తెలిసినాక రేపు నా మీద కేసు పెట్టేదానికి ఎక్కుతాడు."

"ఇది కేసు కాదు పెద్దాయనా. ఉన్న మనిషిని ఉందనడమే."

"దాన్నే సాక్ష్యం అంటారు."

నేను లేవబోతుంటే ఆపి, చాలా ప్రేమగా చెప్పాడు. "ఆయమ్మ యాడికీ పోనక్కర్లే. మేం దాచిపెడతాం. మా చినాయన్ను వారంటు మీద ఆరేండ్లు దాచినాం, పోలీసులు ఇంట్లో అన్నం తిని పోయినా కనుక్కోలేదు. ఆడమనిషి ఏమంత?"

ఆయన ఎగతాళికి అనలేదు. దాచడం ఆ ఊరికి వచ్చిన విద్య. బయటికి తెచ్చి చూపడం మాత్రం రాదు. హెలెన్‌కు ఆ మాట చెప్పాను. "దాక్కుంటే పని యాడినుంచి పంపాల అక్కా? పని లేకపోతే అమ్మకు మందులెట్ల? పట్టుకుంటే మళ్ళీ జన్మలో రానీరు. రూల్ ప్రకారం పోయి, రూల్ ప్రకారం మూడు నెలల్లో తిరిగొస్తా" అంది. ఆ మాటకు నేనూ తలూపాను. అప్పుడు అది ఒక్కటే సరైన దారి. ఇప్పుడు లెక్క వేసినా అదే వస్తుంది.

బస్సు కోసం వస్తుంటే సంతోషమ్మ వెనకే వచ్చింది. చింతచెట్టు దగ్గర ఆగి, తల ఎత్తకుండా మాట్లాడింది.

"మేడమ్, తొమ్మిదేండ్ల కింద ఒకాయన పెండ్లిపత్రిక పట్టుకొచ్చి మా ఎదురింటి పుల్లన్న ఇల్లు అడిగినాడు. మంచిమాట గదా అని చెయ్యెత్తి చూపిచ్చినా. నేను బిందె ఇంట్లో దించేలోపల పుల్లన్నను నరికేసినారు. ఒకసారి ఉండాడని చెప్పి పోగొట్టినా. ఈసారి లేదని చెప్పి పోగొట్టినా. ఇంక నేనేం చెప్పాల?"

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "పదండి, యాడ సంతకం పెట్టాల్నో" అంది.

బుధవారం ఇద్దరం స్టేషన్‌కు పోయాం. అక్కడి రైటరు, అంటే రికార్డులు రాసే కానిస్టేబులు, కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.

"నెల కిందట లేదంటివి. ఇప్పుడు ఉండాది అంటాండావు. ఏది అబద్దం?"

"అప్పుడు చెప్పింది."

"పోలీసోనికి అబద్దం చెప్పినావని రాసుకోమంటావా?"

"రాసుకో సార్."

అతను పెన్ను కింద పెట్టి నాతో అన్నాడు: "మేడమ్, ఈయమ్మ తెగించింది. కానీ ఒక్క సంతకానికి ఏమీ కాదు. సర్పంచి యాడ? ఇంకోడు యాడ?" సాయంత్రం దాకా ఆ బెంచీ మీద కూర్చున్నాం. ఊరి నుంచి ఎవరూ రాలేదు. ఆఖరి బస్సుకు లేచి, సంతోషమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "వాళ్ళను తిట్టద్దు మేడమ్. నేనూ మొన్నటిదాకా అంతే" అంది.

ఇక మిగిలింది నా పని. పొమ్మన్న గడువు 11 దాకా. పోవాలంటే క్లియరెన్స్ కావాలి. అది మామూలుగా పదిహేను రోజులు. ఉండనివ్వని చట్టమే పోనివ్వడానికీ తొందరపడదు. ఆలస్యమైతే ఆమె మీద గడువు మీరిన కేసు, మళ్ళీ వీసా ఆశ ఉండదు. గురువారం పొద్దున ఆఫీసు తలుపు తీయకముందే ప్రొద్దుటూరు ఆదాయపు పన్ను ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. ఏప్రిల్, మే నెలల సంపాదనకు కూడా లెక్క కట్టి, చలానా కట్టించి, ప్రతి రసీదుకూ నంబరు వేసి తీసుకుపోయాను. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆఫీసరు సంతకం పెడుతూ, "ఇంత శుభ్రమైన ఫైలు ఈ సర్కిల్లో చూడలేదమ్మా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను అంత వేగంగా, అంత తప్పు లేకుండా చేసిన పని ఇంకోటి లేదు. అది చేసినందుకు ఒక మనిషి తల్లిని విడిచి రైలెక్కగలిగింది.

జూన్ 9, శనివారం. వచ్చి సరిగ్గా సంవత్సరం. ఎర్రగుంట్ల స్టేషన్‌కు నేనూ, సంతోషమ్మ పోయాం. హెలెన్ సంతోషమ్మకు అన్నీ అప్పగిస్తూనే ఉంది. గంటకోసారి తిప్పాల, పౌడరు తడి ఆరినాకే అద్దాల, కుడివైపు ఎక్కువసేపు పండబెట్టొద్దు. పొద్దున బయలుదేరేటప్పుడు రూతమ్మకు మాత్రం ప్రొద్దుటూరు పోతున్నానని చెప్పిందట.

"ఏమనింది?" అని అడిగాను.

"'బస్సు తప్పిచ్చుకోకు, పొద్దు గూకకముందే రా' అనింది."

రైలు వచ్చింది. సంతోషమ్మ కాళ్ళు పట్టుకోబోతే హెలెన్ ఆమెను లేపి పట్టుకుంది.

రూతమ్మ జూన్ 27, బుధవారం పోయింది. హెలెన్ పోయిన పద్దెనిమిది రోజులకు. సంతోషమ్మ ఎంత తిప్పినా ఒంటి మీద రెండు పుండ్లు లేచాయి. రోజూ బస్సు టైముకు తలుపు తీసి పెట్టమనేదట. కబురు నేనే ఇంటర్నెట్ సెంటర్లో కూర్చొని, అక్కడి అమ్మాయి చేత కొట్టించి పంపాను. హెలెన్ కొత్త వీసాకు పెట్టిన దరఖాస్తును ఆగస్టులో తిరస్కరించారు. తప్పుడు చిరునామా ఇచ్చిన మనిషి అని రాసిన పాత ఫైలు ఆమె వెంటే పోయింది. సమాధి చూసి పోతానని మరుసటి ఏడు మళ్ళీ అడిగింది. అదీ ఇవ్వలేదు.

స్టేషన్ మెట్లెక్కిన మనిషి అని సంతోషమ్మను ఊర్లో ఎవరూ పనికి పిలవలేదు. తిట్టలేదు, కొట్టలేదు. ఆమె ఉన్నా లేనట్టే చూశారు. దసరా లోపల ఆమె, మొగుడు పులివెందుల చీనీ తోటల్లో కూలికి పోయారు. తిరిగి రాలేదు.

ఈమధ్య కొన్ని దేశాలు ఇలా దూరం నుంచి పని చేసుకునేవాళ్ళకు వేరే వీసా ఇస్తున్నాయని చదివాను. మంచిదే. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఆ కేసు ఏం నేర్పిందని. ఏ దేశపు చట్టమైనా పరాయి మనిషిని అడిగేవి రెండే: ఎక్కడ ఉన్నావు, ఏం చేస్తున్నావు. రెండో ప్రశ్నకు మేం నిజం రాశాం. మొదటిదానికి ఊరు అబద్ధం చెప్పింది. ఆ నిజమూ, ఆ అబద్ధమూ రెండూ ఆమె మేలు కోరే చెప్పినవి. ఫైల్లో రెండూ ఒకేవైపు పడ్డాయి. దీన్నుంచి పనికొచ్చే పాఠం ఇంతవరకు నాకు దొరకలేదు.

పోయినవి: రూతమ్మ, కూతురు ప్రొద్దుటూరు బస్సులో వస్తుందనుకుంటూ. హెలెన్‌కు ఆ పద్దెనిమిది రోజులు, ఈ దేశం. సంతోషమ్మకు ఊరు, రెండు గదుల ఇల్లు. పన్ను బాకీ ఏమీ లేదు.